టేకు తుప్పు తెగులు పరిశోధన: ‘నిరోధకత’ అనే మాటపై ఒక విమర్శ

ఆదిలాబాద్ అడవిలో పైన్ చెట్టు లేదు. కరీంనగర్ చెలకలో అసలే లేదు. అయినా పైన్ చెట్ల తుప్పు తెగుళ్లపై ఒక శతాబ్దంగా సాగిన పరిశోధన ఈ ప్రాంతానికి పరాయిది కాదు. ఇక్కడి ప్రధాన కలప వృక్షమైన టేకుకూ ఒక తుప్పు తెగులు ఉంది. 1900లో రాచిబోర్స్కి జావా టేకుపై వర్ణించిన ఈ శిలీంధ్రాన్ని భారతీయ శాస్త్రజ్ఞుడు ఎం.జె. తిరుమలాచార్ ‘ఒలీవియా’ ప్రజాతిలో చేర్చారు. ఆకు అడుగుభాగాన నారింజ రంగు పొడి, పైభాగాన బూడిద రంగు మచ్చలు దీని గుర్తులు. నర్సరీ మొక్కలలోనూ లేత తోటలలోనూ ఆకులు కాలానికి ముందే రాలిపోతాయి. ఈ తెగులుపై జరిగే పరిశోధనలో తరచు వినిపించే ప్రశ్న ఒకటే: ఏ క్లోను నిరోధకమైనది? ప్రశ్న సరైనదే. దానికి జవాబు వెదికే పద్ధతిలోనే చిక్కు ఉంది.

ఆ చిక్కు కొంత భాషలోనే మొదలవుతుంది. తెలుగు వ్యవసాయ రచనలలో ‘తెగులును తట్టుకొనే రకం’ అన్న పదబంధం సర్వసాధారణం. అది మూడు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కడుతుంది. శిలీంధ్రాన్ని కణజాలంలో పెరగనీయకపోవడం నిరోధకత. అది పెరిగినా ఎదుగుదల తగ్గకపోవడం సహనం. శిలీంధ్రం విజృంభించే వేళకు లొంగే దశలో లేకపోవడం తప్పించుకోవడం. మొదటిది మొక్క రక్షణ, రెండవది మొక్క ఓర్పు. మూడవది చాలావరకు ఋతువు చేసిన మేలు. వేరుశనగ వంటి మూడు నాలుగు నెలల పంటలో ఈ కలగాపులగం వల్ల పోయేది ఒక కారు దిగుబడి. చేతికి రావడానికి రెండు దశాబ్దాలకు పైగా పట్టే టేకులో నష్టం ఆ స్థాయిలో ఆగదు.

టేకు ఆకురాల్చే వృక్షం. తుప్పు సాధారణంగా వానలు వెనుకబట్టాక ముదురు ఆకులపై బలపడుతుంది. జన్నారం, ఉట్నూరు వంటి చోట్ల ఎండాకాలం ముదిరేసరికి చెట్టు ఆ ఆకులను ఎలాగూ వదిలేస్తుంది. పెందలాడే చిగిర్చి పెందలాడే ఆకు రాల్చే క్లోను మీద తుప్పు మచ్చలు తక్కువగా కనిపించడంలో వింత లేదు. ఒకే తేదీన అన్ని క్లోన్ల ఆకులను చూసి, మచ్చలు ఆక్రమించిన భాగాన్ని శాతాలలో లెక్కకట్టి, తక్కువ వచ్చిన క్లోనును ‘నిరోధకం’ అని రాసే పద్ధతిలో ఈ తేడా మరుగున పడుతుంది. అదే క్లోనును శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీరు పారే కరీంనగర్ పొలం గట్టున నాటితే నేల తేమకు ఆకు మరికొంతకాలం నిలుస్తుంది. శిలీంధ్రానికి అదనపు గడువు దొరుకుతుంది. ఆదిలాబాద్ మెట్టలో ‘నిరోధకం’ అనిపించుకున్నది అక్కడ లొంగిపోవచ్చు. ఆకు వయస్సును నమోదు చేయని పట్టికకు ఈ రెండు స్థితులను వేరుచేసే శక్తి లేదు. ఆకు ఈనెలు మాత్రం మిగిల్చి పత్రహరితాన్ని తినే పురుగు కూడా ఇంచుమించు ఆ రోజులలోనే చెట్టుపై ఉంటుంది కనుక మిగిలిన ఆకుపై వేసే శాతాలు మరింత సందేహాస్పదం.

పైన్ అనుభవం ఇక్కడ పనికివస్తుంది. తెల్ల పైన్ల బొబ్బతుప్పు ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో ఉత్తర అమెరికాకు నర్సరీ మొక్కలతోనే చేరింది. ప్రత్యామ్నాయ ఆతిథేయి అయిన రైబీస్ పొదలను పెరికివేయడానికి దశాబ్దాలపాటు శ్రమించినా తెగులు ఆగలేదు. 1970లో కిన్లోక్ బృందం షుగర్ పైన్‌లో ఒకే ప్రధాన జన్యువు వల్ల నిరోధకత సంక్రమిస్తుందని నిరూపించింది. కానీ 1981 నాటికే, కాలిఫోర్నియాలోని హ్యాపీ క్యాంప్ దగ్గర ఆ జన్యువును ఛేదించగల శిలీంధ్ర తెగ బయటపడినట్లు ప్రకటించవలసి వచ్చింది. అవిసె తుప్పుపై ఫ్లోర్ 1940లలో చూపిన జన్యువుకు జన్యువు సంబంధమే వృక్షంలోనూ ఎదురైంది. ఆ తరువాత దృష్టి, సోకినా తెగులును నెమ్మదింపజేసే అనేక జన్యువుల ఉమ్మడి ప్రభావం వైపుకు కూడా మళ్లింది.

అయితే ఈ పోలికను పూర్తిగా సాగదీయడం పొరపాటు. పైన్ బొబ్బతుప్పు కాండంలో పుండై చెట్టునే చంపుతుంది; టేకు తుప్పు ఆకుకే పరిమితం. పైన్ తుప్పుకు రెండు ఆతిథేయులు కావాలి. టేకు తుప్పుకు మరో ఆతిథేయి ఏదీ వెల్లడి కాలేదు, నారింజ సిద్ధబీజాలతోనే అది టేకు నుండి టేకుకు తరం వెంట తరంగా వ్యాపిస్తుంది. అందువల్ల ఇక్కడ ముందు తేలవలసినది మచ్చల సంఖ్య కాదు: తుప్పు వల్ల కాండపు చుట్టుకొలత నిజంగా ఎంత తగ్గుతున్నది? రాలబోయే ముదురాకు మీది మచ్చకూ, నర్సరీలో రెండు నెలల మొక్క మీది మచ్చకూ ఒకే మార్కు వేసే కొలమానం ఈ ప్రశ్నను తాకనే తాకదు.

ఇదంతా మాటల పట్టింపు మాత్రమే అనుకోవడానికి వీలులేదు. విత్తనపు టేకులో చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంటుంది. ఒకటి లొంగితే పక్కది నిలవవచ్చు. ఒకే క్లోనుతో నిండిన తోటలో ఆ వైవిధ్యం లేదు. నర్సరీలో ఒక్క ఋతువు పరీక్షకు నిలిచిన మొక్కకు ‘నిరోధకం’ అన్న చీటీ కట్టి రైతుకు అందిస్తే, కొన్ని వారాలకొక తరం చొప్పున మారగల శిలీంధ్రం ముందు ఇరవై ఏళ్లు కదలని లక్ష్యాన్ని నిలిపినట్లే. క్లోన్లను ఆదిలాబాద్ మెట్టలోనూ కాలువ కింది కరీంనగర్ భూములలోనూ జంటగా నాటి, ఆకు పుట్టిన తేదీతో సహా మచ్చలను, ఏటేటా చుట్టుకొలతను నమోదు చేయడం ఖరీదైన ప్రయోగమేమీ కాదు. దానికి కావలసినది పరిశోధన పథకాల మామూలు గడువును మించిన కాలం. వివిధ ప్రాంతాల సిద్ధబీజాలను ఒక్కొక్క క్లోనుపై విడివిడిగా చల్లి చూడడం మాత్రం ఒక పీహెచ్‌డీ కాలంలోనే సాధ్యం. అంతవరకు పట్టికలలో ‘నిరోధకం’ ఉన్నచోట ‘ఆ ఏడు, ఆ చోట, మచ్చలు తక్కువ’ అని రాసుకోవడమే లెక్కకు సరిపోయే మాట.