సాసి: సముద్రం మీద ఊరి కట్టుబాటు

2012లో రాజా అంపత్ దీవుల్లోని కేప్ క్రీ దగ్గర చేపల శాస్త్రవేత్త జెరాల్డ్ అలెన్ ఒక్కసారి నీళ్లలోకి దిగి 374 రకాల చేపల్ని గుర్తించాడు. ఇండొనేషియా తూర్పు కొసన, పాపువాను ఆనుకుని ఉన్న ఈ దీవుల్లో ప్రపంచపు గట్టి పగడాల జాతుల్లో దాదాపు మూడొంతులు దొరుకుతాయి. స్క్యూబా నేర్చుకున్నవాళ్లెవరైనా ఈ లెక్కలు వింటే ఆగలేరు. మా ఆయనా నేనూ మొదటిసారి వెళ్లింది వాటిని వినే. మళ్లీ ఆ దీవుల్లో ఒకటైన మిసూల్‌కు బయల్దేరినప్పుడు మాత్రం ఇంత సంపద ఎవరి చలవ వల్ల మిగిలిందో చూడాలన్న కోరిక బలంగా ఉంది.

అక్కడి ఊళ్లలో సాసి అనే కట్టుబాటు ఉంది. ఊరి ముందున్న పగడపు దిబ్బలో ఇంత మేర, ఇంత కాలం, ఫలానా జీవిని ఎవరూ తీయకూడదని అందరూ కూర్చుని తీర్మానిస్తారు. మలుకు దీవుల్లోనూ పశ్చిమ పాపువాలోనూ ఇది తరాలుగా వస్తోంది. మూయడం ‘తుతుప్ సాసి’, తెరవడం ‘బుకా సాసి’. క్రైస్తవుల ఊళ్లలో చర్చిలో ప్రార్థన చేసి మూస్తారు, ముస్లింల ఊళ్లలో మసీదు పెద్దలు ముందుంటారు. దేవుడి పేరున మూసినదాన్ని దొంగచాటుగా తీస్తే కీడు తప్పదని నమ్మకం. పడవ వేసుకుని రాత్రంతా కాపలా కాయలేని చోట ఆ నమ్మకమే కాపలా.

మూసేది ఏది పడితే అది కాదు. ఎక్కువగా సముద్ర దోసకాయ, ట్రోకస్ నత్త, లాబ్‌స్టర్. వీటి ఎంపికలోనే అసలు నేర్పు ఉందని నాకనిపిస్తుంది. సముద్ర దోసకాయ ఇసుకలో మెల్లగా జరుగుతుందే గాని దూరం పోదు. ఆడదీ మగదీ గుడ్లనూ వీర్యాన్నీ నీళ్లలోకే వదులుతాయి. ఒకటి ఇక్కడ, మరొకటి ఎక్కడో ఉంటే అవి కలవవు, సంతతి లేదు. కాబట్టి ఏరుకుపోగా పలచబడ్డ చోట నాలుగు మిగిలాయని ఊరుకుంటే లాభం లేదు, అవి గుంపు కట్టేదాకా ముట్టకూడదు. సాసి చేసే పని అదే. పుట్టిన పిల్లలు నీటివాలుకు హద్దు దాటి పోతాయి గనుక పక్కన తెరిచి ఉన్న దిబ్బకూ కొన్ని చేరుతాయి. ఊరూరా తిరిగే పెద్ద చేపలకు ఇలాంటి చిన్న హద్దు అంతగా సాయపడదు.

మలుకులోని హరుకు దీవిలో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ లొంపా అనే చిన్న చేప పగలు నదిలోకి వచ్చి, రాత్రి సముద్రంలోకి పోయి, తెల్లారేసరికి తిరిగొస్తుంది. సాసి తెరిచే రాత్రి ఎండు కొబ్బరాకుల మంటలు వేసి, ఆ వెలుగుతో గుంపుల్ని నదిలోకి రప్పిస్తారు. ఆ తరవాత వలలు పడతాయి. అక్కడ కట్టుబాటును కాచేవాళ్లను కెవాంగ్ అంటారు. హరుకు కెవాంగ్‌కు 1985లో ఇండొనేషియా ప్రభుత్వం కల్పతరు పురస్కారం ఇచ్చింది.

మిసూల్‌లో తెరిచినప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగి చేత్తో ఏరతారు. గాలి కంప్రెసర్లకు ఒప్పుకోరు. చిన్నవి దొరికితే వదిలేస్తారు. ట్యాంకు వీపున కట్టుకుని దిగే మాలాంటివాళ్లకు ఈ నియమం విలువ త్వరగా తెలుస్తుంది: ఊపిరి అందని లోతులో ఉన్నవన్నీ విత్తనానికి మిగిలినట్టే. కపాట్‌కోల్ గ్రామంలో వైఫునా అనే మహిళా బృందం తమకంటూ వేరే సాసి పెట్టుకుంది. మగవాళ్లు నడిపే చోట ఆడవాళ్లు హద్దులు నిర్ణయించడం, తెరిచిన రోజుల్లో తామే దిగి ఏరడం, వచ్చిన డబ్బు చర్చికీ పిల్లల చదువుకీ వాడటం నన్ను చాలా కదిలించింది.

మేం బస చేసిన ఇంటావిడ మమ్మల్ని మూసి ఉన్న మేర అంచుదాకా తీసుకెళ్లి, పైనుంచి చూడొచ్చు, చేయి పెట్టకూడదని చెప్పింది. నడుం లోతు నీళ్ల కింద సముద్ర దోసకాయలు ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. మా ఆయన తల పైకెత్తి, “ఇంత దగ్గర దగ్గరగా ఎక్కడా చూడలేదోయ్” అన్నారు. దిబ్బ మీద మంటా రే చేపలూ సొరచేపలూ చూసినప్పటికంటే ఆయన గొంతులో సంబరం ఎక్కువగా ఉంది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆగుతుంది. అది మొత్తం తీరానికి ప్రభుత్వం వేసే గడువు, తేదీలు ఊరిని బట్టి మారవు. సాసి గడువు ఊరిది. దోసకాయలు ఎదిగాయా లేదా అని దిగి చూసి, సముద్రం నెమ్మదించిన రోజులు చూసి తెరుస్తారు. ఈ వెసులుబాటులో ప్రమాదమూ ఉంది. ధర పెరిగినప్పుడు, చేతిలో డబ్బు ఆడనప్పుడు త్వరగా తెరవాలన్న ఒత్తిడి వస్తుంది. ఏడాదంతా పోగైనది కొద్ది రోజుల్లో ఖాళీ అవుతుంది. అయినా తెరిచే రోజంటూ లేకపోతే ఆ ఊళ్లు ఇన్ని తరాలు మూసి ఉంచేవి కావు. పంట వస్తుందన్న నమ్మకంతోనే వాళ్లు ఓపిక పట్టారు.

సాసి ఆపలేనిది ఒకటుంది. రాజా అంపత్‌లో కొన్ని దీవుల మీద నికెల్ తవ్వకాలు సాగాయి. అడవి కొట్టేసిన కొండ మీది మట్టి వానకు కొట్టుకొచ్చి పగడాల మీద పేరుకుంటే వాటికి వెలుతురు అందదు. పెద్ద ఆందోళన తరవాత 2025 జూన్‌లో ఇండొనేషియా ప్రభుత్వం నాలుగు కంపెనీల అనుమతులు రద్దు చేసింది. గాగ్ దీవి గనిని మాత్రం అందులో చేర్చలేదు. నీటి అంచు దాకా ఊరి మాట చెల్లుతుంది, కొండ మీద చెల్లదు. ఈ అన్యాయం గురించి డైవింగ్‌కు వెళ్లేవాళ్లమంతా గట్టిగా మాట్లాడాలి.

మిసూల్ చేరాలంటే సొరోంగ్ నుంచి పడవ ఎక్కాలి. జూలై నుంచి సెప్టెంబరు దాకా దక్షిణపు గాలికి అలలు పెద్దవి, ఆ నెలలు వద్దు. ఊళ్లలో కుటుంబాలు నడిపే వసతిగృహాల్లో దిగితే డబ్బు నేరుగా ఆ ఇంటికి చేరుతుంది. దిగిన రోజే ఏ దిబ్బ మూసి ఉందో, ఎవరి అనుమతి కావాలో ఇంటివాళ్లను అడిగి, ఆ తరవాతే ఈత రెక్కలు తొడుక్కోండి.