పత్రిక విడిచిన మాట: నేటాలు వర్ణభేద చరిత్రనుండి రెండు ఘట్టములు

వార్తాపత్రికను అది ప్రకటించిన దానినిబట్టి విమర్శించుట పరిపాటి. అది విడిచిపెట్టిన దానినికూడ లెక్కకు దెచ్చుకొనవలెనని మా అభిప్రాయము. దక్షిణాఫ్రికాయందలి నేటాలు చరిత్ర ఇందులకు నిదర్శనము.

1896 ఆగస్టులో గాంధీజీ, ఆ దేశమందలి భారతీయుల కష్టములను గూర్చి రాజకోటలో ఒక చిన్నపుస్తకమును ప్రకటించిరి. రాయిటర్ సంస్థ దాని సారాంశమును తంతిద్వారా పంపెను. నేటాలు చేరిన ఆ వార్త మూడు పంక్తులకు మించలేదని ఆత్మకథలో వారే చెప్పియున్నారు. మూలమందలి హేతువులును, సంయమమును జారిపోగా నిందమాత్రము మిగిలెను. దానిని చదివి దర్బనులోని శ్వేతజాతీయులు ఉద్రిక్తులైరి. 1897 జనవరి 13న ఓడ దిగిన గాంధీజీని మూక కొట్టెను. అయితే ఆనాడే ఒక పత్రికా ప్రతినిధికి వారిచ్చిన వివరమైన సమాధానములు అచ్చుపడినవి. పిమ్మట పత్రికలే వారిని నిర్దోషియని ఒప్పుకొని మూకను గర్హించినవి. సంక్షేపము చేసిన కీడును సమగ్రపాఠము కొంత మాన్పెనన్నమాట. పాఠపరిష్కరణ మెరిగినవారికి ఇది వింత కాదు.

1903 జూన్ 4న ‘ఇండియన్ ఒపీనియన్’ వెలువడెను. ‘సత్యాగ్రహ’ శబ్దమునకు మూలమైన ‘సదాగ్రహ’ము ఈ పత్రిక పాఠకులకు పెట్టిన పోటీలోనే లభించినది. ఉద్యమమునకు పేరునే సమకూర్చిన పత్రిక ఇది. కాని దీనికిని విడుపులు కలవు. తొలుత ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళ భాగము లుండెను. తెలుగునకు చోటు లేదు. 1860–1911 నడుమ ఒడంబడిక కూలీలుగా నేటాలు చేరిన సుమారు 1,52,000 మందిలో తెలుగువారు అనేకులు. 1906లో హిందీ, తమిళ భాగములును ఆగిపోయినవి. కూలీలలో అక్షరాస్యులు కొద్దిమందియే కదా యని కొంద రనవచ్చును. ఒకరు చదువగా పదిమంది వినుట మన పల్లెల కెరుకలేని పద్ధతి కాదు.

రెండవ విడుపు మరింత గాఢమైనది. అదే 1903లో జాన్ డ్యూబే ‘ఇలంగా లాసె నాటాల్’ అను జూలూ పత్రికను స్థాపించెను. 1904లో ‘ఇండియన్ ఒపీనియన్’ ఫీనిక్సుకు తరలిన పిదప, డ్యూబే నెలకొల్పిన ఓహ్లాంగె పాఠశాల దానికి పొరుగే అయ్యెను. అయినను భారతీయులను ఆఫ్రికనులతో జతపరుపరాదను వాదమే ఆనాటి గాంధీజీ వ్రాతలలో పలుమారు కానవచ్చుచున్నది. వర్ణరేఖను ప్రతిఘటించిన పత్రిక తానును ఒక రేఖను గీచినది. ఈ మాట చెప్పుటవలన దాని సేవకు లోపము రాదు. చెప్పకున్న విమర్శకే లోపము.

1913లో మూడు పౌనుల పన్నుపై సమ్మె కట్టినవారు ఈ కూలీలే. మరుసటి యేట ఆ పన్ను రద్దయ్యెను. పత్రికలో తమ భాషకు చోటు దొరకనివారుకూడ ఆ పోరాటమునకు బలమైరి. కావున అచ్చుపడిన పుటలను మాత్రమే ఆధారముగా గొని ఆ చరిత్రను వ్రాయబూనువారు, ఆ మూడు పంక్తుల తంతి చేసిన పొరపాటునే మరల చేయుదురని మేము తలంచుచున్నాము.