చింతపల్లి నిరుద్యోగం: ప్రతిభ వాదానికి మా జవాబు

కష్టపడి చదివితే వుద్యోగం దానంతటదే వస్తుందనే మాట మైదానంలో వినీ వినీ అలవాటైపోయింది. చింతపల్లి ఏజెన్సీలో డీఈడీ, బీఈడీ చేసి కూర్చున్న ఆదివాసీ యువతకి ఈ నీతి చెప్పేవాళ్లు 2020 ఏప్రిల్ 22 నాటి సుప్రీంకోర్టు తీర్పు వొకసారి చదవాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే యివ్వాలన్న 2000 నాటి జీవో నెం. 3ని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. అప్పటికే వున్న వుద్యోగాలు షరతులతో నిలిచాయి. తర్వాత చదువుకుని వచ్చినవాళ్లకి ఆ దారి పోయింది. వాళ్ల కష్టంలో లోపమేంటి? మారింది నియమం.

కొండవాళ్లు సోమరులనే మాటకి యింకా పాత చరిత్ర వుంది. పోడు కొట్టుకుని బతికేవాళ్లకి 1882 మద్రాసు అటవీ చట్టం అడవిని మూసేసింది. పనిలేకుండా చేసింది ఆ చట్టమే. తర్వాత గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ అదే జనం చేత రోడ్డు పని చేయించి, సరైన కూలి యివ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషన్ మీద పడ్డ మనుషుల వెనక ఈ కూలి బాధ కూడా వుంది. మనం అల్లూరి విగ్రహం దగ్గర ఆగిపోతాం గానీ, గాం గంటందొర, మల్లుదొరల వూళ్లలో జనం యేం తిని బతికారని అడగం.

తీర్పు ప్రతిభ గురించి మాట్లాడింది. గిరిజనులకి గిరిజనులే చదువు చెప్పాలనడాన్ని గట్టిగా ఈసడించింది. అయితే బయటి టీచర్లు బడికి సరిగ్గా రాకపోవడం వల్లే కదా ఆ జీవో పుట్టింది! కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడికి ఒకటో తరగతిలో అర్థమయ్యేట్టు చెప్పగలగడం ప్రతిభ కాదా? డీఎస్సీ పరీక్షలో దానికి మార్కుల్లేవు.

ఇక్కడ మన దళితులు దాటవేయకూడని ప్రశ్న వొకటుంది. జీవో 3 ఏజెన్సీలో పుట్టి పెరిగిన ఎస్సీలనీ పక్కన పెట్టింది. తీర్పు ఆ సంగతీ యెత్తి చూపింది, అది అబద్ధం కాదు. కానీ రెండు పేద కులాల్ని నాలుగు పోస్టుల కోసం ఎదురెదురుగా నిలబెట్టి, మిగతా పోస్టుల్ని పోటీకి వదిలేస్తే లాభం కోచింగుకి డబ్బు పెట్టగలిగినవాడికే. పిల్లల భాష తెలియడాన్ని అర్హతగా పెడితే ఆదివాసీతో పాటు, ఆ భాషలో పెరిగిన ఏజెన్సీ ఎస్సీకీ చోటుంటుంది.

టీచరు వుద్యోగం మీదే యింత గొడవెందుకని అడగొచ్చు. ఏజెన్సీలో చదువుకున్నవాడికి వేరే యేముంది? కాఫీ తోటలో కూలీ, లేదా విశాఖకి వలస. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వేసినప్పుడు ఆదివాసీ సంఘాలు ప్రత్యేక డీఎస్సీ అడిగింది అందుకే. ఆ డిమాండు వెనక దళిత సంఘాలూ నిలబడాలి, భాషా అర్హతని అందులో చేర్చమని కూడా అడగాలి.