సామాన్య పాఠకుని నవలాభిప్రాయాలు: ప్రక్రియాభేదం, విమర్శ ప్రమాణం

వ్యాససంగ్రహం:
వృత్తిరీత్యా సాహిత్యంతో సంబంధం లేని పాఠకుడు అపరాధ పరిశోధక నవలను, కుటుంబ నవలను, క్షుద్రశక్తుల నవలను, మనోవైజ్ఞానిక నవలను ఒకే ఉత్సాహంతో చదువుతాడు. వాటిపై 'బాగుంది', 'సాగదీశారు', 'నమ్మబుద్ధి కాలేదు' వంటి పొట్టి మాటల్లో తీర్పు చెబుతాడు. తెలుగు నవలా విమర్శ ఈ మాటలను అభిరుచి స్థాయి మాటలుగా భావించి పక్కన పెట్టింది. ఈ అభిప్రాయాల్లో దాగివున్న ప్రమాణాలను, వాటి పరిమితులను కొన్ని ప్రసిద్ధ నవలల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సామాన్య పాఠకుడు, నవలా ప్రక్రియ, విశ్వసనీయత, ధారావాహిక, సహృదయుడు, పాఠక స్పందన.

1. ప్రవేశిక:
భారతీయ కావ్యశాస్త్రం పాఠకునికి ఉన్నత స్థానమిచ్చింది. అయితే అభినవగుప్తుడు నిర్వచించిన సహృదయుడు కావ్యానుశీలనాభ్యాసం చేత మనోదర్పణాన్ని నిర్మలం చేసుకున్నవాడు, అంటే శిక్షణ పొందినవాడు. 19వ శతాబ్దిలో తెలుగులోకి వచ్చిన నవల మాత్రం అటువంటి శిక్షణను షరతుగా పెట్టలేదు. 1878లో వెలువడిన కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము' మొదలుకొని వారపత్రికల ధారావాహికల వరకు, అక్షరజ్ఞానం, కొంత తీరిక ఉన్న ప్రతివారినీ నవల ఆహ్వానించింది. ఆంగ్లంలో వర్జీనియా వుల్ఫ్ శామ్యూల్ జాన్సన్ నుంచి 'సామాన్య పాఠకుడు' అన్న భావనను స్వీకరించి, 1925లో తన వ్యాససంపుటికి ఆ పేరే పెట్టింది. తెలుగులో ఈ పాఠకుడు అద్దె పుస్తకాల దుకాణాల్లో, పత్రికల ఉత్తరాల శీర్షికల్లో, బస్సు ప్రయాణాల్లో కనిపించాడు కాని విమర్శ గ్రంథాల్లో అరుదుగా కనిపించాడు.

2. ఒకే మాట, వేర్వేరు ప్రమాణాలు:
'నమ్మబుద్ధి కాలేదు' అన్న మాటను పరిశీలిస్తే సామాన్య పాఠకుని ప్రక్రియాజ్ఞానం బయటపడుతుంది. కొమ్మూరి సాంబశివరావు అపరాధ పరిశోధక నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు చిక్కుముడులను విప్పుతారు. ఈ తరహా నవలలో పాఠకుడు హత్యల సంఖ్యను అభ్యంతర పెట్టడు. ముగింపులో బయటపడిన ఆధారం తనకు ముందుగా చూపనిదైతే మాత్రం మోసపోయినట్లు భావిస్తాడు. ఇక్కడ విశ్వసనీయత అంటే రచయిత పాటించవలసిన న్యాయం.

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' నవల 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా వచ్చి పాఠకులను విశేషంగా ఆకర్షించింది. రాజశేఖరం సంపదను గాని అతని రూపగుణాలను గాని ఆ పాఠకురాలు శంకించదు. అది ఆ తరహా నవల ముందే ఒప్పించిన విషయం. జయంతి ఆత్మాభిమానం సన్నివేశానుసారం మారిపోతేనే ఆమెకు నమ్మకం సడలుతుంది. ఇక్కడ విశ్వసనీయత అంటే పాత్ర స్వభావంలోని నిలకడ. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'లో చేతబడిని పాఠకుడు కథ సాగినంతసేపు అంగీకరిస్తాడు. ఆ శక్తికి నవలలోనే ఏర్పరచిన నియమాలు తప్పినప్పుడే అతనికి నమ్మకం పోతుంది. ఇక్కడ విశ్వసనీయత అంటే కల్పిత ప్రపంచపు అంతస్సంగతి.

ఈ విధంగా ఒకే మాట మూడు ప్రక్రియల్లో మూడు ప్రమాణాలను సూచిస్తున్నది. హాన్స్ రాబర్ట్ యాస్ ప్రతిపాదించిన 'నిరీక్షణా దిగంతం' అన్న పారిభాషిక పదం తెలియకపోయినా, ఏ నవల నుంచి ఏమి ఆశించాలో ఈ పాఠకునికి తెలుసు. కనుక అతని అభిరుచిని విచక్షణ లేనిదనడం సమంజసం కాదు.

3. 'సాగదీశారు' అన్న అభియోగం:
సామాన్య పాఠకుడు తరచుగా చేసే మరో ఆరోపణ సాగదీత. దీనిలో చారిత్రకమైన కారణం ఉంది. అనేక తెలుగు నవలలు వారం వారం పాఠకుని నిలుపుకోవలసిన ధారావాహికలుగా పుట్టాయి. ప్రతి భాగాంతంలోనూ ఉత్కంఠ, తరువాతి భాగారంభంలో పూర్వకథా స్మరణ ఆ రూపానికి అవసరం. పుస్తకంగా ఏకబిగిన చదివినప్పుడు అవే పునరుక్తులుగా తోస్తాయి. కనుక ఈ అభిప్రాయం నవలలోని లోపాన్ని ఎంత చెబుతుందో, ప్రచురణ మాధ్యమం మారడాన్ని కూడా అంతే చెబుతుంది.

అయితే ధారావాహిక అయినంత మాత్రాన నవల కాలక్షేప సాహిత్యం కాదు. డా. పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' 'తెలుగు స్వతంత్ర'లోను, వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల' 'ఆంధ్రజ్యోతి' వారపత్రికలోను వచ్చాయి. ఇందిర వంటి పాత్రను, చైతన్యస్రవంతి వంటి శిల్పాన్ని పత్రికా పాఠకుల ముందుంచినవి ఈ ధారావాహికలే. శిష్ట నవల, జనప్రియ నవల అన్న విభజనను ప్రచురణ స్థానం ఆధారంగా చేయడం సాధ్యం కాదని ఈ ఉదాహరణలు నిరూపిస్తున్నాయి.

4. అభిప్రాయం విఫలమయ్యే చోట్లు:
సామాన్య పాఠకుని అభిప్రాయాన్ని యథాతథంగా ప్రమాణం చేయడం మరొక పొరపాటు. నవీన్ 'అంపశయ్య' (1969) ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలో ఒక్క రోజును చైతన్యస్రవంతి పద్ధతిలో చిత్రించింది. 'ఇందులో కథ లేదు' అన్న పాఠకుని మాట వర్ణనగా చాలావరకు సరైనదే. తీర్పుగా సరైనది కాదు. సంఘటనల నవలతో చేసుకున్న ఒప్పందాన్ని అతడు మనస్సంచారపు నవలకు వర్తింపజేశాడు. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'లో దయానిధి నిష్క్రియతను, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పతనాన్ని చూసి 'నాయకుడు నచ్చలేదు' అనడం కూడా ఇటువంటిదే. నచ్చకపోవడమే ఆ నవలలు కలిగించదలచిన అశాంతి.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) విషయంలో 'పాత్రలు మరీ ఎక్కువ, తరాలు గుర్తుండవు' అన్న ఫిర్యాదు మరింత లోతైన ప్రశ్నను లేవనెత్తుతుంది. రూతు జ్ఞాపకాల ద్వారా సాగే ఆ నవలలో తరాల విస్తృతి కథనలోపం కాదు. లిఖితచరిత్రలో చోటు దక్కని సమూహం ఎల్లన్న పాటలో, ఆటలో తన చరిత్రను నిలుపుకున్న తీరే అక్కడి శిల్పం. ఏకనాయక కథకు అలవాటుపడిన పాఠకునికి సామూహిక స్మృతి చిక్కుగా కనిపించడం సహజం. ఆ సహజత్వం ఏ సామాజిక అనుభవం నుంచి వచ్చిందో అడగడం విమర్శకుని బాధ్యత.

ప్రాంతం కూడా అభిప్రాయాన్ని నిర్ణయిస్తుంది. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లోని తెలంగాణ పలుకుబడి ఒక పాఠకునికి అడ్డంకిగా, మరొక పాఠకునికి తన ఇంటి మాటగా తోస్తుంది. హైదరాబాదులోని ఎర్రమంజిల్ పేరు దీనికి చక్కని దృష్టాంతం. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన సౌధానికి ఫారసీ ఉర్దూ సంప్రదాయంలోని 'ఇరం' వనం పేరు పెట్టారు. తెలుగువారి చెవికి అది ఆ గుట్ట రంగును గుర్తుచేసే 'ఎర్ర' అయింది. రెండు భాషా సమూహాలు ఒకే పేరును తమ తమ అర్థాలతో చదివాయి. రెండూ ఆ స్థలానికి చెందినవే. నవలాపఠనంలోనూ పాఠకుని స్థానం అర్థనిర్మాణంలో భాగమవుతున్నది.

5. ఆదరణ, పర్యవసానం:
'తులసిదళం'పై జరిగిన వాదం ఈ చర్చకు కీలకం. పాఠకులు ఆ నవలను విడవకుండా చదివారు. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అన్న విమర్శ గ్రంథంలో దాన్ని హేతువాద దృష్టితో తీవ్రంగా ఖండించారు. ఆ పాఠకులు చెప్పింది నవల ప్రభావం గురించి. విమర్శకురాలు ప్రశ్నించింది దాని పర్యవసానం గురించి. ఈ రెండు మాటలూ పరస్పరం రద్దు చేసుకోవు. నవలకు పాఠకుని కట్టిపడేసే శక్తి ఉన్నదని ఒప్పుకున్నప్పుడే ఆ శక్తి దేనికి వినియోగమైందన్న ప్రశ్నకు బలం చేకూరుతుంది. చదివించే గుణాన్నే విలువగా భావించే సమీక్ష, ఎందుకు చదివారో వివరించకుండా తిరస్కరించే విమర్శ రెండూ అసమగ్రమే.

6. ముగింపు:
సామాన్య పాఠకుని అభిప్రాయం విమర్శకు ప్రత్యామ్నాయం కాదు, విమర్శకు సాక్ష్యం. అతనికి ప్రక్రియల నియమాలు తెలుసు. తన నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం అతడు సాధారణంగా ప్రశ్నించుకోడు. ఆ ప్రశ్నను చేర్చడమే విమర్శకుని పని. విశ్వవిద్యాలయ పరిశోధనల్లో నవలల వస్తువు, శిల్పం, పాత్రచిత్రణలకు అధ్యాయాలు కేటాయించడం పరిపాటి. వాటితోపాటు పాత వారపత్రికల్లోని పాఠకుల లేఖలను, అద్దె గ్రంథాలయాల పఠన సంస్కృతిని ఆధారాలుగా సేకరించవలసిన అవసరం ఉంది. తరగతి గదిలో విద్యార్థి 'ఈ నవల బోరు' అన్నప్పుడు ఆ మాటను మందలించి వదిలేయక, ఏ పుటలో, ఏ అంచనా భగ్నమై ఆ విసుగు పుట్టిందో అతని చేతనే వెదికించగలిగితే, అభిప్రాయం విమర్శగా మారే ప్రక్రియ అక్కడే మొదలవుతుంది.