‘కోతి’ అనే ఒక్క మాట

నండూరి రామమోహనరావు ‘నరావతారం’ నాకిష్టమైన పుస్తకమే, పేరుతోనే పేచీ. అవతారమంటే పైనుంచి దిగడం. డార్విన్ 1871 పుస్తకం పేరులోని ‘డిసెంట్’ వంశక్రమం. అక్కడ పైనుంచి దిగేవాడెవడూ లేడు.

అసలు చిక్కు ‘కోతి’తో. మంకీకీ ఏప్‌కీ మనం వాడేది అదే. చింపాంజీ మన తాత కాదండీ, దాయాది. ఇద్దరి ఉమ్మడి పూర్వీకులు సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందటివాళ్లు. కోతి మనిషవడం ఎవరూ చూడలేదని 2018లో ఒక కేంద్ర సహాయమంత్రే అన్నాడు. 2023 నాటికి ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో పరిణామం పాఠమే లేదు.

చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ ఎంత తవ్వినా శిలాజం దొరకదు. అది శిలాద్రవం గడ్డకట్టిన రాయి. ఇక్కడి పిల్లలకి పరిణామం అందేది మాటల్లోనే. అందుకే ‘తోకలేని కోతి’ అని సర్దుకోకుండా, ఏప్‌ని ఏప్ అనే రాసేయమంటాను.