ఈడ్చమాక, ఎత్తి పెట్టు

చంద్రవంక వాగుకు నీళ్లొచ్చాయని మాచర్ల చుట్టాలు ఫోను చేశారంటే మావాళ్లలో ఒకరికి కాలు నిలవదు. ఆ ఒకరు మా బావమరిది. పోయిన భాద్రపదంలో ఒక ఆదివారం పొద్దున ఆరింటికే నరసరావుపేటలో మా వాకిట్లోకొచ్చి హారను కొట్టాడు. ఆ రోజే నా బుల్లెట్టుకు కొత్త అలంకారం. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే సంచి. దానికి తాళ్లుండవు, బెల్టులుండవు. రెండు పక్కలా రెండు రెక్కలు, రెక్కల్లో కుట్టేసిన అయస్కాంతాలు. తెచ్చి ట్యాంకు మీద పెడితే టప్పున కరుచుకుంటుంది. వానకోటు, నీళ్ల సీసా, ఇంట్లో కట్టిచ్చిన పులిహోర అన్నీ అందులోకే. వెనక సీటుకు మూట కట్టి, ప్రతి గుంటకూ వెనక్కి చెయ్యి పెట్టి తడుముకునే బాధ తప్పిందని మురిసిపోయాను.

పిడుగురాళ్ల దాటేసరికి సున్నం బట్టీల తెల్లదుమ్ము మీసాలకెక్కింది. ఆ పక్కనే ఒక బంకులో పెట్రోలు పోయించుకున్నాం. కారంపూడిలో టీ తాగాం. మాచర్ల దాటి సాగర్ రోడ్డెక్కి ఎత్తిపోతల జలపాతం చేరేసరికి తొమ్మిదిన్నర. స్టాండు వేసి, పులిహోర కోసం సంచి లేపాను. మెరూన్ రంగు ట్యాంకు మీద రెండు పక్కలా రెండు మసక మచ్చలు.

"ఏంది బావా, అరిగిపోయిన రూపాయి బిళ్లలు అంటించావా?" అన్నాడు వాడు.

తడిగుడ్డ పెట్టి తుడిచాను. పోలేదు. ఎండకు ఎదురుగా వంగి చూస్తే సాలెగూడు పట్టినట్టు సన్నటి గీతలు, ఒకదాని మీద ఒకటి. బండి కొని అప్పటికి ఏడాది కూడా కాలేదు. మా ఆవిడ మంగళసూత్రం కంటే ఆ ట్యాంకునే నేను ఎక్కువ చూస్తానని ఇంట్లో ఒక మాట ఉంది. అబద్ధమని నేనెప్పుడూ వాదించలేదు.

ఎత్తిపోతల ఆ రోజు నిండుగా ఉంది. 70 అడుగుల ఎత్తు నుంచి చంద్రవంక దూకుతుంటే చూసే చోటికే తుంపర కొట్టింది. కింద మడుగు, అక్కడే మొసళ్ల పెంపక కేంద్రం, దత్తాత్రేయుడి గుడి, మధుమతీ అమ్మవారు. అక్కడి నుంచి వాగు కాస్త దూరం పారి కృష్ణలో కలుస్తుంది. జనం సెల్ఫీలు దిగుతున్నారు. నేను మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి బండినే చూస్తున్నాను. యతులు తపస్సు చేసిన తలం కాబట్టి యతి తపోతల, అదే ఎత్తిపోతల అయిందని అక్కడ చెబుతారు. మన రైతుకు మాత్రం ఎత్తిపోతలంటే పల్లం నీళ్లు మెట్టకు ఎత్తి పోయడం. ఈ ఎత్తడమనే మాట ఆ సాయంత్రమే ఇంకో అర్థంతో నా నెత్తిన పడుతుందని అప్పటికి తెలియదు.

నరసరావుపేటలో మా నాన్న స్కూటరు కాలం నుంచీ తెలిసిన పెయింటు బాబాయి ఒకాయన ఉన్నాడు. ఇప్పుడు డెబ్బై దాటాడు. కొడుకు స్ప్రే గన్ను పట్టుకుంటే ఈయన స్టూలు మీద కూర్చుని తప్పులు పడతాడు. బండి తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాను. కళ్లజోడు తీసి, బొటనవేలి గోరు మచ్చ మీద అడ్డంగా లాగాడు.

"గోరు పట్టుకోవట్లా. పైపూత దాటలేదులే అబ్బాయ్."

"అయస్కాంతం ఇంత పని చేస్తుందనుకోలేదు బాబాయ్."

"అయస్కాంతం ఏం చేసింది? దాని కింద నువ్వు పెట్టిందే చేసింది. మధ్యలో ఈ సంచి ఎక్కడ దించావు?"

అప్పుడు గుర్తొచ్చింది. పెట్రోలు పోయించుకోవాలంటే మూత తియ్యాలి, మూత తియ్యాలంటే సంచి తియ్యాలి. తీసి బంకు గచ్చు మీద పెట్టాను. రెక్కలు కిందికి, అయస్కాంతాలు నేలకేసి. ఆ మాట చెప్పగానే బాబాయి సంచి తిరగేసి నా మొహానికి చూపించాడు. రెక్క అడుగున నల్లటి నూగు, చీమల బారు నిలబడ్డట్టు. మాస్కింగ్ టేపు ఒక ముక్క చింపి, దాని మీద అద్ది లాగాడు. టేపు నల్లగా వచ్చింది. ఇంకో ముక్క చింపాడు. అదీ నల్లగానే వచ్చింది.

ఆ నూగు ఏమిటో నాకు కొత్త కాదు. చిన్నప్పుడు చెడిపోయిన రేడియో స్పీకరు పగలగొట్టి, గుండ్రటి అయస్కాంతం ఊడదీసి, దానికి దారం కట్టి వాగు ఇసుకలో ఈడ్చుకుంటూ తిరగనివాడు మా వయసువాళ్లలో ఎవడూ లేడు. పది అడుగులు ఈడిస్తే గడ్డం మొలిచేది. ఆ నల్లటి ఇనుప రజను కాగితం మీద పోసి, కింద అయస్కాంతం తిప్పుతూ నాట్యం చేయించేవాళ్లం. సూదంటురాయి సూదులనే కాదు, ఇసుకలో దాగిన ఇనుప నలుసులన్నిటినీ రమ్మని పిలుస్తుంది. నలభై ఏళ్ల తర్వాత అదే అయస్కాంతాన్ని నేల మీద ఆనించి, తెచ్చి నా ట్యాంకు మీదే రుద్దుకున్నాను.

ఇనుప రజను ఒక్కటే కాదు. రెక్క కరుచుకున్న చోట రోడ్డు దుమ్ము కూడా చిక్కుకుంటుంది. పల్నాటి తెల్లదుమ్ములో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి. అది మెత్తని రాయి, గట్టితనం కొలిచే మోస్ కొలతలో 3. మన గోరుకంటే కాస్త ఎక్కువ, అంతే. ఇసుకలో ఉండే పలుగురాయి అలా కాదు. దాని అంకె 7, గాజును గీస్తుంది. ట్యాంకు మీద నిగనిగలాడే పైపూతకు దాని ముందు నిలబడే శక్తి ఎక్కడిది? ఇనుప రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ కోటు. ఇన్ని పూతలూ కలిపి చూస్తే మందం సుమారుగా ఒక తెల్లకాగితమంత. అందులో మెరుపంతా మోసే క్లియర్ కోటు దాదాపు సగం, 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక దానికంటే లావు.

దీనికి బుల్లెట్టు వణుకు తోడు. ఒక్కటే సిలిండరు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగిందంటే సెకనుకు 50. నరసరావుపేట నుంచి ఎత్తిపోతల దాకా దాదాపు మూడు గంటలు అదే వేగంతో తిరిగిందనుకుంటే అయిదు లక్షల చుట్లు దాటుతాయి. ప్రతి చుట్టుకూ రెక్క ఒక్క వెంట్రుకవాసి కదిలినా చాలు, కింద ఇసుక పెట్టి గీకుకాగితంతో రుద్దినట్టే. నది రాయిని కోస్తుందంటాం గానీ ఉత్త నీళ్లకు అంత పదును లేదు. అవి మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లే రాయిని అరగదీస్తాయి. వాగు మడుగుల్లో బండల మీద రోలులాంటి గుంటలు పడేది అందుకే. ఎత్తిపోతల దగ్గర కమ్మీ పట్టుకున్నప్పుడు నాకీ సంగతి తట్టిందని రాస్తే బాగుంటుంది. తట్టలేదు. బాబాయి టేపు చూపించాకే తట్టింది.

"సరే బాబాయ్, ఇక సంచి వాడొద్దంటావా?"

"వాడమాక అని నేనన్నానా? ఈడ్చమాక అంటున్నా. పెట్టేటప్పుడు ఎత్తి పెట్టు, తీసేటప్పుడు ఎత్తి తియ్. జరపడం అనేదే ఉండగూడదు."

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. రెండు తడిగుడ్డలు ఒక పాలిథిన్ కవరులో పెట్టుకుంటాను. ఒకటి ట్యాంకుకు, ఒకటి రెక్కల అడుగుకు. వాటిని కలవనివ్వను. ముందు ట్యాంకు మీద నీళ్లు చిలకరించి దుమ్మును జారనిచ్చి, ఆ తర్వాతే గుడ్డ పెడతాను. రెక్కల అడుగున టేపు అద్ది లాగుతాను. బాబాయి దగ్గర నేర్చిన ఈ టేపు విద్య ఒక్కటే నూరు రూపాయల పాలిష్ డబ్బాల పెట్టు. ఆ పైన సంచిని నిట్టనిలువుగా దించుతాను. రెక్క కాస్త వంకరగా కరుచుకుంటే జరపను. అంచు పట్టి లేపి మళ్లీ పెడతాను. వంకర చూడలేక అరచేత్తో నెట్టామా, ఆ నెట్టుడులోనే ఒక గీత.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మనలో చాలామంది పొద్దున్నే పాత బనీను గుడ్డ తీసుకుని, రాత్రంతా దుమ్ము పట్టిన బండిని పొడిపొడిగా బరబరా తుడుస్తారు. అదొక నిత్యపూజ. ఏ అయస్కాంతం చేసే హానీ దీనికి చాలదు. పైగా అయిదేళ్లకు బండి వెలిసిపోయిందని కంపెనీని తిడతారు. బెల్టు బక్కిలు, చొక్కా జిప్పు, ట్యాంకు మీద ఆనించిన హెల్మెటు, హ్యాండిలుకు వేలాడే తాళాల గుత్తి, వీటి లెక్క వేరే.

ట్యాంకు మీద కనపడకుండా అతికించే పారదర్శకమైన ఫిల్ము సంగతి చాలామంది అడుగుతున్నారు. అది నేను వేయించాను, సంచి రెక్కలు ఆనే రెండు చోట్లా. మంచిరకం ఫిల్ము మందం 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది. అంటే కంపెనీ ఇచ్చిన పూతలన్నిటికంటే మందం. గీతలు దాని మీద పడతాయి, ట్యాంకు మీద కాదు. మెరుపు లేని మ్యాట్ రంగు బండ్లకైతే ఇదే దారి, ఎందుకంటే మ్యాట్ మీద గీత పడితే పాలిష్ పెట్టడానికి లేదు, పెడితే అక్కడొక్కచోటే మెరిసి ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుంది. అయితే చౌకరకం ఫిల్ము ఎండకు పసుపెక్కుతుంది, పీకితే జిగురు మిగులుతుంది. కొత్తగా రంగు వేయించిన ట్యాంకు మీద మాత్రం వెంటనే అతికించకూడదు. రంగు పైకి ఆరినట్టున్నా లోపల ఆరడానికి వారాలు పడుతుంది. సంచి కూడా అంతే, నెల రోజులు ఆగాలి. ఫిల్ము వద్దనుకునేవాళ్లు మెత్తటి గుడ్డ పరిచి దాని మీద సంచి పెడతారు. గుడ్డ ఉతికినదైతే మంచిదే. వారం రోజులు ఉతకని గుడ్డ దుమ్ముకు పరుపు వేసినట్టు. రబ్బరు చాప పరవడం నాకు నచ్చదు. కొన్ని రబ్బర్లు ఎండలో వేడెక్కి రంగు మీద మచ్చ దింపుతాయి. వానలో తడిసిన సంచిని రాత్రంతా ట్యాంకు మీదే వదిలెయ్యడం ఇంకో తప్పు. కింద చెమ్మ నిలుస్తుంది. అందులో పిడుగురాళ్ల సున్నం కూడా కలిసిందంటే తెల్లమచ్చ ఆరిపోయి కూర్చుంటుంది. సున్నం దుమ్మును రుద్దకూడదు, నీళ్లు ధారగా పోసి కడగాలి.

అన్ని ట్యాంకులూ అయస్కాంతాన్ని పట్టవు. కొన్ని బండ్లకు ట్యాంకు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, కొన్ని ఖరీదైనవాటికి అల్యూమినియం. సంచి కొనేముందు చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఆనించి చూసుకోవాలి. ఇందులోనే ఇంకో లాభం ఉంది. పాత బండి కొనేటప్పుడు ఇదే అయస్కాంతం ట్యాంకంతా తిప్పండి. ఒకచోట పట్టు సడలిందంటే అక్కడ సొట్ట పడితే పుట్టీ నింపి రంగు కొట్టారన్నమాట. బాబాయి కొడుకు ఈ ముక్క నేను రాయకూడదన్నాడు. రాసేశాను.

బుల్లెట్టు వాళ్లకు ఇంకో బెంగ, ట్యాంకు మీది బంగారు గీత. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. కంపెనీ ఎంత మారినా ఆ గీతను మాత్రం చెన్నైలో ఇప్పటికీ కుంచె పట్టి చేత్తో గీస్తారు. ఆ పనికి పేరుపడ్డవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు. చెయ్యి వణక్కుండా, కొలబద్ద పెట్టకుండా ఆ వంపు ఒక్క ఊపులో లాగుతారు. నా ట్యాంకు మీద కుడివైపు మచ్చను బాబాయి కొడుకు పాలిష్ చక్రం పెట్టి పోగొట్టాడు. ఎడమవైపు మచ్చ ఆ గీతను ఆనుకుని ఉంది. దాని మీద చెయ్యి పెట్టబోతే బాబాయి స్టూలు మీంచి లేచాడు.

"ఆ చక్రం గీత మీదికెళ్లిందంటే గీత పోద్ది. మళ్లీ గియ్యడం నీవల్ల కాదు, నావల్లా కాదు. ఉండనియ్."

ఎడమవైపు మచ్చ అలాగే ఉంది. ఈ కార్తీకంలో ఎత్తిపోతల బయల్దేరేవాళ్లు బంకు దగ్గర సంచి తీసినప్పుడు నేల మీద పెట్టకండి. సీటు మీద, రెక్కలు పైకి వచ్చేలా వెల్లకిలా పెట్టండి.