కాలువ గట్టు నుంచి క్వారీ అంచు వరకు: విద్యార్థి జట్టు ప్రాజెక్టుల ప్రణాళికపై ఒక విమర్శ

ఉపోద్ఘాతము

వేదాంత కళాశాలల్లో క్షేత్ర పరిచర్యకు ఎప్పటి నుంచో స్థానమున్నది. వారాంతపు సంఘ పరిచర్య, వేసవి శిక్షణ, పరిశోధనా వ్యాసము అనే వాటికి తోడుగా, పై తరగతుల విద్యార్థులను నలుగురైదుగురు చొప్పున జట్లుగా చేసి, ఏదైనా సేవా సంస్థతో కలిపి ఒక ప్రాజెక్టు చేయించడము కూడా ఉన్నది. ఇది మంచిదే. అయితే జట్టును ఎక్కడికి పంపాలి, నివేదిక ఎన్ని పేజీలుండాలి, ఎన్ని మార్కులివ్వాలి అని చర్చించినంతగా, ఎవరి అవసరము కొరకు పంపుతున్నాము, విద్యార్థులు తిరిగి వచ్చిన మరునాడు ఆ పని ఎవరిది అవుతుంది అని మనము చర్చించడము లేదు. ఈ లోపమును దూరదేశపు పాఠ్యపుస్తకముల సహాయముతో కాక, ఒంగోలు ప్రాంత మిషను చరిత్రలోని ఒక గ్రంథము ఆధారముగా పరిశీలించి, ఒంగోలుకు పడమరగా ఉన్న చీమకుర్తికి దానిని అన్వయించడము ఈ వ్యాసము ఉద్దేశము.

1. గ్రంథము, దాని నేపథ్యము

జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఆయన 1910లో మరణించాడు. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ 1914లో వెలువడింది. సాధారణముగా మన సంఘములలో ఈ చరిత్ర 1878 జూలై 3వ తేదీ వద్దకు చేరి ఆగిపోతుంది. ఆ రోజు వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మనకు కంఠస్థము. కాని జట్టు పనిని గురించి ఆలోచించేవారికి ఆ నదికంటే దానికి ముందున్న కాలువ ముఖ్యము.

1876-78 నాటి గొప్ప కరువులో మద్రాసు ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ తవ్వకమును కరువు పనిగా చేపట్టింది. క్లౌ అందులో మూడు మైళ్లకు పైబడిన భాగమును కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులను మేస్త్రీలుగా నియమించి, కూలీలను గుంపులుగా విభజించి ఒక్కొక్కరికి అప్పగించాడు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు వారితో మాట్లాడినవారు కూడా ఆ బోధకులే. నేటి మాటల్లో చెప్పాలంటే ఇది ఒక భాగస్వామ్య సంస్థతో కలిసి చేసిన జట్టు ప్రాజెక్టు. ఆ భాగస్వామి ప్రభుత్వము.

2. ఆ ప్రణాళికలోని బలము

ఇందులో మూడు విషయములు గమనించదగినవి.

మొదటిది, పని ముందే ఉన్నది. కాలువ కావాలన్నది మిషను ఊహించిన అవసరము కాదు. మిషను వెళ్లకపోయినా కాలువ తవ్వబడేదే. అంతకంటే ముందు, ఆకలితో ఉన్నవానికి కూలి కావాలి. ఆ రెండు అవసరములు కలిసిన చోట బోధకుడు నిలబడ్డాడు. మన ప్రాజెక్టులు ఎక్కువగా దీనికి విరుద్ధముగా పుడతాయి. అంశము తరగతి గదిలో పుడుతుంది, సంస్థను తరువాత వెదుకుతాము.

రెండవది, నాయకునికి ఆ పని తెలుసు. క్లౌ యవ్వనములో అమెరికాలో ప్రభుత్వ భూముల సర్వే జట్టులో పనిచేసినవాడు. కొలత గొలుసు, మట్టి లెక్క అతనికి కొత్త కాదు. భక్తి ఉంటే చాలు, పని అదే వస్తుందని అతడు అనుకోలేదు.

మూడవది, అన్నిటికంటే ముఖ్యమైనది, అతడు హద్దు గీసుకున్నాడు. కరువు కాలములో సుమారు పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. కూలి కొరకు, గింజల కొరకు వచ్చినవారు బాప్తిస్మము అడిగినప్పుడు ఆగమన్నాడు. సంఖ్య పెంచుకునే అవకాశము చేతిలో ఉండగా దానిని వాడుకోకుండా ఆపుకోవడము ప్రణాళికలో భాగమైంది. ఏమి చేస్తామో రాసే ప్రాజెక్టు పత్రములు మన దగ్గర చాలా ఉన్నాయి. ఏమి చేయమో రాసే పత్రము అరుదు.

3. ఆ ప్రణాళికలోని లోపము

అయినప్పటికీ ఈ గ్రంథమును ఆదర్శముగా మాత్రమే చదివితే మనము విమర్శకులము కాము.

భాగస్వామిని ప్రశ్నించవలసిన బాధ్యత ఒకటున్నది. అదే కరువులో, 1877 జనవరిలో, సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లోని కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యము, స్వల్ప రొక్కము చాలునన్న కొలతను ప్రవేశపెట్టాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరు కార్నిష్ అది మనిషి ప్రాణము నిలపడానికి చాలదని వ్యతిరేకించాడు. కాంట్రాక్టు పని లెక్క వేరు కావచ్చు. కాని కూలీల పక్షమున నిలబడిన సంస్థ, కూలిని నిర్ణయించే సంస్థతో చేయి కలిపినప్పుడు ఏ మాట గట్టిగా అనగలదు, ఏ మాట మింగవలసి వస్తుంది అనే ప్రశ్న తప్పదు.

రెండవ లోపము, ఆ కథ ఎవరి చేతికి చేరింది అన్నది. కాలువ తవ్వినవారి మాట మనకు మిషనరీ జ్ఞాపకము ద్వారానే వస్తుంది. ఎమ్మా క్లౌ ఈ విషయములో ఒక అడుగు ముందుకు వేసింది. బెర్న్ విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందిన ఆమె, మాదిగ విశ్వాసుల నోట విన్న కథలను ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అనే పేరుతో 1899లోనే ప్రచురించింది. అయితే అది ఇంగ్లీషు గ్రంథము. వెలువడినప్పుడు అది కథ చెప్పినవారి వాడకు వారి భాషలో వెళ్లలేదు. పరిశోధకురాలి శ్రద్ధలో లోటు లేదు. పాఠకులు ఎవరు అన్నదే లోటు.

ఈ విమర్శ చేసే అర్హత నాకు సులభముగా రాలేదు. విద్యార్థిగా ఉన్నప్పుడు నేనూ ఒక జట్టులో ఉండి, ఒక కూలి వాడలో ఇంటింటికీ తిరిగి, కూలి ఎంత, అప్పు ఎంత అని రాసుకున్నాను. మంచి మార్కులు వచ్చాయి. నివేదిక బీరువాలోకి వెళ్లింది. రెండేళ్ల తరువాత వేరే పని మీద అక్కడికి వెళ్తే ఒక పెద్దామె గుర్తుపట్టి, “ఏందయ్యా, మా అప్పులన్నీ రాసుకొని పోయినారు గదా, ఏమైంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా నివేదికలో పొరపాటు లేదు, ఆమెకు అందులో చోటు లేదు.

4. చీమకుర్తికి ఒక జట్టును పంపితే

చీమకుర్తి, రామతీర్థము పరిసరాల్లో దొరికే నల్లరాయి బ్లాక్ గెలాక్సీ అనే పేరుతో ప్రపంచమంతటా అమ్ముడుపోతుంది. క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో స్థానికులతో పాటు ఇతర రాష్ట్రముల నుంచి వచ్చినవారు పనిచేస్తారు. ఐదుగురు విద్యార్థుల జట్టు ఇక్కడ కార్మికుల మధ్య పనిచేసే ఒక సంస్థతో కలిసి ఒక విద్యాసంవత్సరము ప్రాజెక్టు చేయాలనుకుందాము.

గ్రంథాలయములో కూర్చుని అంశము నిర్ణయిస్తే వెంటనే తోచేది ‘క్వారీ కార్మికులలో సిలికోసిస్’. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. వ్యాపారములో గ్రానైటు అని పిలిచినా, బ్లాక్ గెలాక్సీ నిజానికి గాబ్రో జాతికి చెందిన రాయి. దానిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైటు అనే ఖనిజము. అసలు గ్రానైటులో ఉన్నంత క్వార్ట్జు దీనిలో ఉండదు. అందువలన దుమ్ము హాని చేయదని కాదు. ఏ దుమ్ము, ఏ పనిలో, ఎవరి ఊపిరిలోకి పోతున్నదో డాక్టరును, కార్మికుని అడగకముందే వ్యాధి పేరు శీర్షికలో పెట్టకూడదని మాత్రమే. అసలు వారి మొదటి బాధ దుమ్ము కాకపోవచ్చు. ప్రమాదములో చనిపోయినవాని కుటుంబమునకు రావలసిన పరిహారము కావచ్చు, ఒడియా మాట్లాడే పిల్లవానికి బడి కావచ్చు.

కాబట్టి మొదటి నెల ప్రశ్నను వెదకడానికే కేటాయించాలి. నెహెమ్యా యెరూషలేము చేరగానే ప్రసంగించలేదు. రాత్రి వేళ కొద్దిమందితో వెళ్లి పడిపోయిన గోడను చూచాడు, ఆ తరువాతే నోరు విప్పాడు (నెహెమ్యా 2:11-18).

తరువాత, కళాశాల, సంస్థ, జట్టు కలిసి ఒక పేజీ ఒప్పందము రాసుకోవాలి. పని ఏమిటి, ఎప్పటికి ముగుస్తుంది, ఖర్చు ఎవరిది, ఏది చేయము అన్నవి అందులో ఉండాలి. సంస్థకు నిధులు ఎక్కడి నుంచి వస్తున్నాయో కూడా మొదటే అడగాలి. క్వారీ యజమానులే దాతలైతే ఏ ప్రశ్న అడగడానికి వీలులేదో జట్టుకు ముందే తెలియాలి. అది తెలిసిన తరువాత వెళ్లాలా వద్దా అన్నది కళాశాల నిర్ణయము.

కాలమును కూడా ఆ నేల చెప్పినట్టు వినాలి. జనవరి నుంచి మార్చి వరకు ఈ మైదానములో మిరప కోతలు. స్త్రీలు తెల్లవారకముందే చేలకు పోతారు. మధ్యాహ్నము సమావేశము పెట్టి ఎవరూ రాలేదని నివేదికలో రాయడము వారి తప్పు కాదు, మన క్యాలెండరు తప్పు.

జట్టు కూర్పులో మంచి ప్రసంగీకులను మాత్రమే చూడకూడదు. లెక్కలు రాయగలవారు ఒకరు, హిందీయో ఒడియాయో మాట్లాడగలవారు ఒకరు, స్త్రీలతో కూర్చుని మాట్లాడగల విద్యార్థిని ఒకరు అవసరము. చివరి ఫలితము కూడా చేతికి అందేదై ఉండాలి. ఉదాహరణకు 2015 నాటి గనుల చట్ట సవరణ ప్రకారము గనుల ప్రభావిత ప్రాంతముల మేలు కొరకు జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. దానికి అర్జీ ఎలా పెట్టాలో తెలిపే నాలుగు పేజీల తెలుగు కరపత్రము, నూరు పేజీల ఇంగ్లీషు నివేదికకంటే సంస్థకు ఎక్కువ ఉపయోగపడవచ్చు. నివేదికను ముందుగా ఆ వాడలోనే బిగ్గరగా చదివి, తప్పులు దిద్దించుకున్న తరువాతే కళాశాలకు సమర్పించాలి. మార్కులలో కొంత భాగము సంస్థ ఇచ్చే మాటపై ఆధారపడాలి.

5. ఒక అభ్యంతరము

ఇదంతా సమాజ సేవా కళాశాలల పని గదా, సంఘ కాపరికి దీనితో ఏమి అని కొందరు అడుగుతారు. ఈ అభ్యంతరము తేలికైనది కాదు. విద్యార్థి సమయము పరిమితము. హెబ్రీ, గ్రీకు భాషలు, ప్రసంగ శాస్త్రము నేర్వకుండా ప్రాజెక్టులలో తిరిగినవాడు సంఘమునకు మేలు చేయడు. అయితే మంచి ప్రణాళిక కాపరికి నేర్పేది సమాజ సేవ మాత్రమే కాదు. మాట్లాడకముందు వినడము, అధికారముండగా ఆగడము, ఇచ్చిన మాటకు లెక్క చెప్పడము నేర్పుతుంది. ప్రభువు డెబ్బది మందిని ఇద్దరిద్దరిగా పంపినప్పుడు వారి సంచిని తీసివేసి, ఆతిథ్యమిచ్చిన ఇంటిపై ఆధారపడమన్నాడు (లూకా 10:1-8). మన జట్టు మాత్రము సంచి నిండా ప్రశ్నపత్రములు పెట్టుకొని వెళ్తున్నది.

ముగింపు

క్లౌ నుంచి మనము పని ఎన్నుకునే తీరును, హద్దు గీసుకునే ధైర్యమును నేర్చుకోవచ్చు. ఆయన చరిత్ర రాసిన తీరును మాత్రము సరిదిద్దుకోవాలి. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చాలామంది కాపరులు దాటవేసే అధ్యాయము. అందులో ప్రసంగమునకు పనికివచ్చే సంఘటన లేదు, గోడలో ఏ భాగము ఎవరు కట్టారో పేర్లు మాత్రమే ఉన్నాయి. షల్లూము కుమార్తెలు కూడా ఆ పట్టికలో ఉన్నారు. మెడ వంచని తెకోవ అధికారులను సైతము అది దాచలేదు. విద్యార్థి జట్టు నివేదిక ఆ అధ్యాయము వలె ఉండాలని నా మనవి. అప్పులు రాసుకొని పోయినారు గదా అని ఎవరైనా అడిగితే, అందులో ఆమె మాట ఉన్న పేజీని చూపించగలగాలి. సున్నితమైన చోట ఆమె కోరితే పేరు దాచి, ఆమె కోరితే పేరుతోనే. మన తదుపరి జట్టు బయలుదేరకముందే ఆ పేజీకి చోటు కేటాయించుదుము గాక.